నష్టమంతా నా జీతంలోంచి తీసేయొచ్చట, సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి. నా జీతం ఏడాదికి లక్షా 45 వేల డాలర్లు. మా వారి ఉద్యోగం 2025 జూన్‌లో పోయింది. జూలై నుంచి ఇంట్లోనే కూర్చుని రోజూ స్టాకులు, ఆప్షన్లు కొని అమ్ముతున్నారు. బ్రోకర్ పంపిన 1099-బి (ఏడాది అమ్మకాల పన్ను స్టేట్‌మెంట్) చూస్తే 2025కి నికర నష్టం 78 వేల డాలర్లు. పక్కన వాష్ సేల్ కాలమ్‌లో ఇంకో 14 వేలు కనిపిస్తున్నాయి. మా వారి స్నేహితుడొకాయన ‘వదినా, టెన్షన్ పడకండి, మార్క్ టు మార్కెట్ ట్రేడర్ అని వేస్తే నష్టమంతా మీ జీతంలోంచి తీసేయొచ్చు’ అన్నారు. ఆయన చూపించిన ట్యాక్స్ ప్రిపేరర్ కూడా ‘వేసేద్దాం, అందరూ చేస్తున్నదే’ అంటున్నారు. జాయింట్ రిటర్న్ కదా, నేనూ సంతకం పెట్టాలి. పెట్టొచ్చా? పోనీ 2026కైనా అలా పెట్టుకోమంటారా? ఈ ఏడాది ఇప్పటిదాకా ఆయన 22 వేలు లాభంలో ఉన్నారు. ఏప్రిల్ 15 దగ్గర పడుతోంది.

సమాధానం: ముందు సంతకం సంగతి చెప్తాను. రిటర్న్‌లో మార్క్ టు మార్కెట్ అని ఉంటే పెట్టకండి. జాయింట్ రిటర్న్ మీద సంతకం పెడితే అందులోని పన్నుకీ, పెనాల్టీకీ ఇద్దరిదీ పూర్తి బాధ్యత. ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) సగం ఆయన దగ్గర, సగం మీ దగ్గర అని లెక్కలు వేసుకోదు. ఎవరి దగ్గర డబ్బు కనిపిస్తే వాళ్ల దగ్గర మొత్తం వసూలు చేసుకోవచ్చు. ప్రస్తుతం మీ ఇంట్లో జీతం వస్తున్నది మీకే. భార్యాభర్తల్లో ఒకరికి ఏమీ తెలియక సంతకం పెట్టినప్పుడు ఊరట అడిగే ఫారం 8857 ఒకటుంది. కానీ తెలిసి, అనుమానం వచ్చి, నాలాంటి వాడికి ఉత్తరం కూడా రాసిన మీకు ‘నాకు తెలియదు’ అనే మాట అంత తేలిగ్గా కుదరదు.

ఆ స్నేహితుడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అమెరికా ట్యాక్స్ కోడ్‌లో సెక్షన్ 475(ఎఫ్) అని 1997లో చేరింది. ట్రేడింగే వ్యాపారంగా ఉన్నవాళ్లు దాని కింద మార్క్ టు మార్కెట్ పద్ధతి ఎంచుకోవచ్చు. డిసెంబర్ చివరి వ్యాపార దినాన చేతిలో ఉన్న షేర్లన్నీ ఆరోజు ధరకి అమ్మేసినట్టే లెక్క కడతారు. లాభమైనా నష్టమైనా ఆర్డినరీ అవుతుంది, అంటే జీతంలాంటి మామూలు ఆదాయంతో కలుస్తుంది. మామూలుగా షేర్ల మీద వచ్చే నష్టం క్యాపిటల్ లాస్, దాన్ని జీతంలోంచి ఏడాదికి 3 వేల డాలర్లే తగ్గించుకోగలం. ఇక్కడ ఆ పరిమితి ఉండదు. వాష్ సేల్ రూల్ (అదేంటో కింద చెప్తాను) వర్తించదు. మీ 78 వేల నష్టం ఆ లెక్కన మీ జీతం మీదికి వచ్చి ఉంటే పదివేల డాలర్లకు పైనే పన్ను తగ్గేది. అందుకే ఈ మాట వీకెండ్ పార్టీల్లో ఇంతగా తిరుగుతోంది.

ఆయన వదిలేసిన రెండో సగం తేదీ. 2025కి ఈ పద్ధతి కావాలంటే 2025 ఏప్రిల్ 15 లోపలే కాగితం వెళ్లి ఉండాలి. 2024 రిటర్న్‌తో పాటో, లేదా ఎక్స్‌టెన్షన్ ఫారం 4868తో పాటో ఒక స్టేట్‌మెంట్ జతచేయాలి. అందులో మూడు సంగతులు చాలు: సెక్షన్ 475(ఎఫ్) కింద ఎంచుకుంటున్నామని, ఏ సంవత్సరం నుంచి అని, ఏ వ్యాపారానికి అని. ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే రిటర్న్‌కి అక్టోబర్ దాకా టైమ్ వస్తుంది గానీ, ఈ స్టేట్‌మెంట్‌కి రాదు. కారణం కూడా సబబైనదే. సంవత్సరం అయ్యాక నష్టం వస్తే ఆర్డినరీ అనీ, లాభం వస్తే క్యాపిటల్ అనీ చెప్పుకోనిస్తే, పందెం ముగిశాక వచ్చి గెలిచిన కోడి మీదే కాశానని చెప్పుకోనిచ్చినట్టే.

2025 ఏప్రిల్ 15 నాటికి మీ వారు ఉద్యోగంలోనే ఉన్నారు, ట్రేడింగ్ ఇంకా మొదలే కాలేదు. ఆ కాగితం పంపి ఉండే అవకాశమే లేదు. మరి ప్రిపేరర్ ఏం చేయబోతున్నారు? నష్టాన్ని తీసుకెళ్లి, వ్యాపార ఆస్తుల అమ్మకాల లాభనష్టాలు చూపే ఫారం 4797లో వేసేస్తారు, అంతే. ఐఆర్ఎస్ కంప్యూటర్ వెంటనే పట్టుకోకపోవచ్చు. కానీ ఎప్పుడైనా ప్రశ్న వస్తే మొదట అడిగేది ఆ స్టేట్‌మెంట్ కాపీ, పోస్టు చేసిన రసీదు. అవి లేకపోతే తగ్గించి చూపిన పన్ను, దాని మీద వడ్డీ, మామూలుగా 20 శాతం పెనాల్టీ కట్టాలి. ‘అందరూ చేస్తున్నదే’ అనే మాటకి ఆడిట్‌లో విలువ లేదు. ఆలస్యంగా ఇచ్చిన ఎలక్షన్‌ని (ఈ పద్ధతి ఎంచుకుంటున్నామనే ఆ ప్రకటనని ఇలాగే అంటారు) ఒప్పుకున్న కేసు లేకపోలేదు. 2006లో వైన్స్ అనే లాయర్‌కి ట్యాక్స్ కోర్టు ఊరట ఇచ్చింది. ఆయన భారీగా నష్టపోయి ట్రేడింగ్ ఆపేశాక, తేదీ దాటిందని తెలిసిన వెంటనే అడిగాడు. గడువు దాటాక అడిగేలోపు మళ్లీ ట్రేడ్ చేసి ఫలితం చూసుకున్న వాడు కాదు. మీ వారు రోజూ ట్రేడ్ చేస్తూనే ఉన్నారు కాబట్టి ఆ దారి మీకు లేదు.

మన వాళ్లు ఇందులో ఎక్కువగా పొరపడటానికి ఇండియా అలవాటు కూడా ఒక కారణం అనుకుంటాను. అక్కడ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేస్తే అది ఎలాగూ వ్యాపార ఆదాయమే. ముందుగా ఎవరికీ ఏమీ రాసివ్వనక్కర్లేదు, ఐటీఆర్-3లో వేసుకోవడమే. ఇక్కడ మీరు ఎన్ని ట్రేడ్లు చేసినా, ముందే రాసి ఇవ్వకపోతే అది క్యాపిటల్ లాసే.

కాబట్టి 2025కి లెక్క పాత పద్ధతిలోనే. ట్రేడ్లు ఫారం 8949లోకి, అక్కడినుంచి క్యాపిటల్ లాభనష్టాలు చూపే షెడ్యూల్ డిలోకి వెళ్తాయి. 78 వేలలో ఈ ఏడాది 3 వేలు మీ జీతంలోంచి తగ్గుతాయి. మిగతా 75 వేలు క్యారీ ఫార్వర్డ్ అవుతాయి. దీనికి గడువు లేదు. తర్వాతి సంవత్సరాల్లో ఎంత క్యాపిటల్ గెయిన్ వస్తే అంత మేరకు వాడుకోవచ్చు. గెయిన్ లేకపోతే మాత్రం ఏడాదికి 3 వేల చొప్పున ఇంకో ఇరవై ఐదేళ్లు. చదివితే గుండె గుభేలుమంటుంది గానీ, ఆ 75 వేలు ఎంత పనికొస్తాయో కింద చూద్దాం.

ఆ 14 వేల వాష్ సేల్ చూసి భయపడ్డట్టున్నారు. నష్టానికి అమ్మి, ముందు వెనక 30 రోజుల్లో అదే షేరు కొంటే ఆ నష్టాన్ని అప్పటికి ఒప్పుకోరు, కొత్తగా కొన్న షేర్ల ఖరీదులో కలుపుతారు. ఒక ఉదాహరణ. 50 డాలర్ల చొప్పున 100 షేర్లు కొన్నారు, 45కి అమ్మారు. నష్టం 500. పది రోజులకి 46కి మళ్లీ కొన్నారు. ఆ 500 వాష్ సేల్ కాలమ్‌లోకి వెళ్తుంది, కొత్త షేర్ల ఖరీదు 46 బదులు 51 అవుతుంది. నవంబర్‌లో 48కి అమ్మేసి మళ్లీ ఆ షేరు జోలికి వెళ్లలేదు. అప్పుడు నష్టం 300. జేబులోంచి నిజంగా పోయింది కూడా అంతే కదా: మొదట 500 పోయింది, తర్వాత 200 వచ్చింది. కాలమ్‌లో 500 కనిపిస్తూనే ఉంటుంది గానీ మీకు పోయింది ఏమీ లేదు. మీ 14 వేలలో చాలా భాగం ఇలాగే కాస్ట్ కాలమ్‌లో తిరిగి వచ్చేసి ఉంటుంది. చూడాల్సింది రెండే: డిసెంబర్ 31న ఇంకా చేతిలో ఉన్నవి, డిసెంబర్‌లో నష్టానికి అమ్మి జనవరిలో మళ్లీ కొన్నవి. వాటి నష్టం 2026లోకి జరుగుతుంది.

ఇక ట్రేడర్ హోదా, మార్క్ టు మార్కెట్ ఎలక్షన్ అనేవి వేర్వేరు. మన వాళ్లు రెండూ కలిపేస్తారు. హోదాకి ఎవరికీ దరఖాస్తు చేయనక్కర్లేదు, పని తీరును బట్టి వస్తుంది. రోజువారీ ధరల కదలికల మీద లాభం చూసుకోవాలి, ట్రేడింగ్ పెద్ద ఎత్తున ఉండాలి, ఆగకుండా క్రమంగా సాగాలి. ఎన్ని ట్రేడ్లు అనే అంకె చట్టంలో లేదు, కోర్టు తీర్పుల్లోంచి ఊహించుకోవాల్సిందే. చెన్ కేసు మన సాఫ్ట్‌వేర్ జనానికి దగ్గరగా ఉంటుంది. ఆయన ఫుల్ టైమ్ ఇంజనీర్. 1999లో 323 ట్రేడ్లు చేశాడు, అందులో చాలా మటుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపే. 2004లో ట్యాక్స్ కోర్టు ఆయన ట్రేడర్ కాదంది. ఎండికాట్ అనే ఆయన 2008లో 1,543 ట్రేడ్లు చేశాడు. అంత పెద్ద సంఖ్య ఉన్నా, షేర్లను సగటున నెలకు పైగా ఉంచుకున్నాడని, అన్ని రోజులూ మార్కెట్‌లో లేడని 2013లో ఆయనకీ కాదన్నారు.

మీ వారు జూలై నుంచి ఉద్యోగం లేకుండా రోజూ ఇదే పని చేస్తున్నారు కాబట్టి ఆ ఆరు నెలలకి హోదా అడగడానికి కొంత బలముంది. ఎలక్షన్ లేకపోయినా హోదా వల్ల ఒక ఉపయోగం ఉంది. డేటా సబ్‌స్క్రిప్షన్లు, సాఫ్ట్‌వేర్, ట్రేడింగ్‌కే వాడే కంప్యూటర్ లాంటి ఖర్చులు, వ్యాపార ఆదాయం, ఖర్చులు చూపే షెడ్యూల్ సిలో వేసుకోవచ్చు. మామూలు ఇన్వెస్టర్‌కి 2018 నుంచి ఆ ఖర్చులకి తగ్గింపు లేదు, 2025 చట్టంతో అది శాశ్వతంగా పోయింది. షెడ్యూల్ సిలో ఆదాయం సున్నా, ఖర్చులు మాత్రమే కనిపిస్తే ఎవరికైనా వింతగా ఉంటుంది కాబట్టి చిన్న వివరణ జతచేయడం మంచిది. అయితే ఆ ఖర్చులు వెయ్యి రెండు వేలకి మించకపోతే 2025కి వదిలేయమనే నా సలహా. సగం సంవత్సరం హోదాకి వాదించి తెచ్చుకునే లాభం అంత ఉండదు.

ఇప్పుడు అసలు నిర్ణయం, 2026 సంగతి. దీనికి గడువు 2026 ఏప్రిల్ 15. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: 75 వేల పాత నష్టం, 22 వేల కొత్త లాభం. ఎలక్షన్ పంపితే అది జనవరి 1 నుంచే వర్తిస్తుంది, ఆ 22 వేలు ఆర్డినరీ ఆదాయమైపోతుంది. పాత 75 వేలు మాత్రం క్యాపిటల్ లాస్‌గానే ఉండిపోతుంది. రెండూ కలవవు. మీ జీతానికి 22 శాతం శ్లాబు పడుతుంది కాబట్టి ఆ లాభం మీద సుమారు 4,840 డాలర్లు పన్ను కట్టాలి, ఇటు 75 వేల నష్టం బీరువాలో పెట్టుకుని. ఎలక్షన్ పంపకపోతే ఆ 22 వేలు పాత నష్టంలో కలిసిపోతాయి, పన్ను లేదు. అవి పోగా ఇంకో 3 వేలు మీ జీతంలోంచి కూడా తగ్గుతాయి. 75 వేల దాకా మీ వారు సంపాదించేదంతా ఇలాగే వెళ్తుంది. భారీ నష్టం తెచ్చుకున్నవాళ్లే ఎలక్షన్ కోసం ముందుగా పరిగెత్తుతారు, అది పెద్దగా పనికిరానిది కూడా వాళ్లకే.

దానికి ఎదురు వాదన ఉంది, దాచను. మిగతా తొమ్మిది నెలల్లో ఆ 22 వేలూ పోయి, పైన ఇంకో 60 వేలు పోతే, ఎలక్షన్ ఉన్నవాళ్లకి అది జీతం మీద తగ్గుతుంది, మీకు తగ్గదు. నిజమే. కానీ అంత పోతుందన్న భయం మీ ఇంట్లో ఉంటే ముందు తగ్గించాల్సింది ట్రేడింగ్ సైజు. పైగా మీ వారు ఇంటర్వ్యూలకి వెళ్తూ మే నెలలోనో జూన్‌లోనో ఉద్యోగంలో చేరారనుకోండి. ఆ తర్వాత ట్రేడర్ హోదా నిలబడటం కష్టమవుతుంది, హోదా లేని కాలానికి ఎలక్షన్ ఉన్నా లేనట్టే. అన్నీ కలిపి చూస్తే 2026కి మీరు పంపవద్దనే నేను చెప్తాను. పాత నష్టం చాలావరకు కరిగాక, ఆయన ఇదే వృత్తిగా నిలబడితే, 2027 కోసం 2027 ఏప్రిల్ లోపు ఆలోచించుకోవచ్చు.

‘ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టేస్తే ఇంకా టైమ్ ఉంటుందట’ అనే మాట కూడా మీ దాకా వస్తుంది. కొత్తగా పెట్టిన పార్ట్‌నర్‌షిప్‌కో కార్పొరేషన్‌కో మొదలైన రెండు నెలల పదిహేను రోజుల్లోపు తన రికార్డుల్లో ఎలక్షన్ రాసుకునే వీలు నిజంగానే ఉంది. కానీ ఒక్కరి పేరు మీద ఉన్న ఎల్‌ఎల్‌సీని పన్ను విషయంలో ఐఆర్ఎస్ విడిగా చూడదు, దాంతో ఈ టైమ్ రాదు. ఫైలింగ్ ఫీజులు మాత్రం వస్తాయి.

మీ పరిస్థితి కాక, పాత నష్టాలేవీ లేకుండా ఫుల్ టైమ్ ట్రేడింగ్ చేసే పాఠకులు కూడా ఉన్నారు కాబట్టి, వాళ్ల కోసం రిపోర్టింగ్ ఎలా ఉంటుందో చెప్తాను. స్టేట్‌మెంట్‌ని రిటర్న్‌తో గానీ 4868తో గానీ పంపాలి. ఎక్స్‌టెన్షన్‌ని ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తీసుకుంటే కాగితం జతచేసే చోటు ఉండదు. అందుకే 4868ని కాగితం మీద నింపి, స్టేట్‌మెంట్ పిన్ చేసి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోవడం మేలు. అంతటితో అవదు. లెక్కల పద్ధతి మారింది కనుక, మార్చిన సంవత్సరపు రిటర్న్‌తో ఫారం 3115 కూడా వేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. మారే ముందు డిసెంబర్ 31న చేతిలో ఉన్న షేర్ల మీద అప్పటికి ఉన్న లాభమో నష్టమో సెక్షన్ 481(ఎ) సర్దుబాటుగా ఇందులో వస్తుంది.

ట్రేడ్లు ఫారం 8949లోకి పోవు. ఫారం 4797 రెండో భాగంలో 10వ లైన్‌లో ‘ట్రేడర్, సీ అటాచ్డ్’ అని ఇంగ్లీషులో రాసి మొత్తాలు వేస్తారు. ప్రతి ట్రేడ్ వివరం ఉన్న జాబితా జతచేస్తారు. సంవత్సరాంతంలో అమ్మినట్టు లెక్కగట్టినవి అందులో విడిగా కనిపించాలి. ఖర్చులు షెడ్యూల్ సిలో. లాభం మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ లేదు, అందుకని ఆ లాభం చూపించి సోలో 401(కె) అనే రిటైర్మెంట్ ఖాతాలో కట్టడమూ కుదరదు. నష్టం మరీ పెద్దదైతే అక్కడా ఒక హద్దుంది: 2025కి జాయింట్ రిటర్న్‌లో 6,26,000 డాలర్లు, దాటింది వచ్చే ఏడాదికి వెళ్తుంది.

బ్రోకర్‌కి మీ ఎలక్షన్ గురించి పట్టదు, 1099-బిలో మామూలుగానే వాష్ సేల్స్ వేసి పంపుతారు. డిసెంబర్ 31న 46 డాలర్ల దగ్గర లెక్కగట్టిన షేరుని జనవరిలో 44కి అమ్మితే మీకు 2 డాలర్ల నష్టం. బ్రోకర్ మాత్రం మీరు మొదట కొన్న 40నే ఖరీదుగా వేసి 4 డాలర్ల లాభం చూపిస్తారు. ఈ తేడాలన్నీ ప్రతి ఏడాదీ మీరే సరిచేసి, ఎందుకు తేడా వచ్చిందో చూపే కాగితం పెట్టుకోవాలి. ఆర్ఎస్‌యూలు, ఈఎస్‌పీపీ షేర్లు (రెండూ ఉద్యోగులకి సొంత కంపెనీ నుంచి వచ్చేవి), ఏళ్ల తరబడి ఉంచుకునేవి ట్రేడింగ్ అకౌంట్‌లో కలపకండి. కలిస్తే వాటి మీద వచ్చిన లాంగ్ టర్మ్ లాభానికి కూడా తక్కువ రేటు పోయే ప్రమాదముంది. ఎస్ అండ్ పీ 500 సూచీ మీద ఉండే ఎస్‌పీఎక్స్ ఆప్షన్లు, ఫ్యూచర్స్ లాంటివి సెక్యూరిటీల ఎలక్షన్‌లోకి రావు. అవి ఫారం 6781లో, 60 శాతం లాంగ్ టర్మ్, 40 శాతం షార్ట్ టర్మ్ లెక్కన వెళ్తాయి.

హెచ్-4 వీసా మీద వర్క్ పర్మిట్ లేకుండా ఉన్నవాళ్లు, హెచ్-1బి వాళ్లు ఒక విషయం గుర్తుంచుకోండి. ట్రేడర్ హోదా అడగడమంటే ‘నేను వ్యాపారం చేస్తున్నాను’ అని సంతకం పెట్టి ప్రభుత్వానికి చెప్పడమే. షెడ్యూల్ సి వేసే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాలి, ట్యాక్స్ ప్రిపేరర్‌ని కాదు.

మళ్లీ మీ దగ్గరికి. ప్రిపేరర్‌ని ‘2025కి 475(ఎఫ్) స్టేట్‌మెంట్ ఎప్పుడు పంపాం, కాపీ చూపించండి’ అని ఒక ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో వద్దు. షెడ్యూల్ డితో రిటర్న్ మార్చి ఇస్తే సరే, ఇవ్వకపోతే వేరేవాళ్లని చూసుకోండి. టైమ్ చాలకపోతే 4868 వేసి, కట్టాల్సింది ఏదైనా ఉంటే ఏప్రిల్ 15కే కట్టేయండి. ఇంకొకటి, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను: ఉద్యోగం పోయాక మీ వారు పాత కంపెనీ 401(కె)ని ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలోకి మార్చి అందులో కూడా ఇవే షేర్లు కొంటున్నారా? ట్రేడింగ్ అకౌంట్‌లో నష్టానికి అమ్మి, 30 రోజుల్లో ఐఆర్ఏలో అదే కొంటే ఆ నష్టం వాయిదా పడదు, పూర్తిగా పోతుంది. మీ ఐఆర్ఏలో మీరు కొన్నా వాష్ సేలే. వేర్వేరు అకౌంట్ల మధ్య జరిగినవి 1099-బిలో కనిపించవు కాబట్టి, నవంబర్ నుంచి జనవరి దాకా ఇద్దరి ఐఆర్ఏ స్టేట్‌మెంట్లు కూడా ప్రిపేరర్‌కి పంపించండి.